‘సైనిక తిరుగుబాటు’ అనవచ్చా?

ప్రశ్న: పాకిస్తాన్ గురించి రాసేటప్పుడు మన పత్రికలన్నీ ‘సైనిక తిరుగుబాటు’ అనే అంటాయి. 1857లో సిపాయిలు చేసిందీ తిరుగుబాటే, 1999లో జనరల్ ముషారఫ్ చేసిందీ తిరుగుబాటేనా? నాకు మింగుడుపడడం లేదు. వేరే మాట ఏదైనా ఉందా?

జవాబు: ‘బలవదధికారాపహరణం’, అంటే బలవంతంగా అధికారం లాక్కోవడం, అనవచ్చు. అర్థం చెడదు, వ్యాకరణమూ చెడదు.

డెస్కు మిత్రులు: అది కూడబలుక్కుని చదివేలోపు ఇంకో ప్రభుత్వం పడిపోతుందండీ. పత్రిక డెస్కులో పనిచేసినవాడిని కాబట్టి చెబుతున్నాను, ఒక కాలమ్ శీర్షికలో ఇమిడే మాట కావాలి. ‘తిరుగుబాటు’ ఇముడుతుంది, పాఠకుడికి వెంటనే అర్థమవుతుంది. దాన్ని కదిలించకండి.

జవాబు: ఇమిడినంత మాత్రాన సరిపోదు. కింద ఉన్నవాడు పైవాడి మీద తిరగబడితే అది తిరుగుబాటు. 1958 చూడండి. అక్టోబరు 7న రాజ్యాంగాన్ని రద్దు చేసి సైనిక పాలన ప్రకటించింది సాక్షాత్తు అధ్యక్షుడు ఇస్కందర్ మీర్జా. సైన్యాధిపతి అయూబ్ ఖాన్‌కు పగ్గాలు అప్పగించిందీ ఆయనే. మూడు వారాలు తిరగకుండానే అయూబ్ ఆయనను గద్దె దించి దేశం దాటించాడు. ఇందులో మొదటి ఘట్టానికి తిరుగుబాటు అనే మాట ఎలా అతుకుతుంది? పైగా ఆ నెలలోనే దోసో కేసులో సుప్రీం కోర్టు, విజయవంతమైన విప్లవం తన చట్టబద్ధతను తానే తెచ్చుకుంటుందనే అర్థంలో తీర్పు ఇచ్చింది. గెలిచినవాడిది విప్లవం, ఓడినవాడిది రాజద్రోహం అన్నమాట.

పేర్ల విషయంలో జనరల్స్ మనకంటే జాగ్రత్తపరులు. 1977 జులై 5న ప్రధాని జుల్ఫికర్ అలీ భుట్టోను దించిన పనికి సైన్యాధిపతి జియా ఉల్ హక్ పెట్టిన పేరు ‘ఆపరేషన్ ఫెయిర్ ప్లే’. 90 రోజుల్లో ఎన్నికలన్నాడు. అవి 1985లో జరిగాయి, అదీ పార్టీలు లేకుండా! ముషారఫ్ అయితే ‘మార్షల్ లా’ అనే మాటే ఎత్తకుండా, ఏదో కంపెనీ నడిపేవాడిలా ‘చీఫ్ ఎగ్జిక్యూటివ్’ అనిపించుకున్నాడు. మనకు కొత్త సమాసం అక్కరలేదు. ‘సైన్యం అధికారం చేజిక్కించుకుంది’ అంటే చాలు. చేసినవాడెవడో, చేసిందేమిటో రెండూ వాక్యంలో ఉంటాయి.

ప్రశ్న వేసినవారు: బాగుంది. మరి యుద్ధ ట్యాంకులు వీధిలోకి రాకుండానే ప్రభుత్వాలు పడిపోతే?

జవాబు: అక్కడే భాషకు అసలు పరీక్ష. జియా హయాంలో 1985లో రాజ్యాంగానికి చేర్చిన 58(2)(బి) నిబంధనతో అధ్యక్షుడు జాతీయ అసెంబ్లీని రద్దు చేయగలిగేవాడు; 2010లో ఆ అధికారాన్ని తీసేశారు. 1988 నుంచి 1996 వరకు నాలుగుసార్లు దాన్ని వాడారు. 1993లో అలా పదవి పోయిన ప్రధాని నవాజ్ షరీఫ్‌ను సుప్రీం కోర్టు మళ్లీ పదవిలో కూర్చోబెట్టింది. అయినా అధ్యక్షుడితో పేచీ తెగలేదు. చివరకు సైన్యాధిపతి వహీద్ కాకర్ మధ్యలోకి వచ్చాక ప్రధాని, అధ్యక్షుడు ఇద్దరూ రాజీనామా చేశారు. తూటా పేలలేదు, రాజ్యాంగం రద్దు కాలేదు. వార్తలో ‘రాజీనామా’ అనే రాయాలి, అది అబద్ధమూ కాదు. కాబట్టి ఎవరు వచ్చి కూర్చున్నాక రాజీనామా చేశారో కూడా రాస్తేనే ఆ వార్త పూర్తవుతుంది.

జవాబు: దీనికి తెలుగులో ఒక మాటల జంట సిద్ధంగా ఉంది. 2018లో ఇమ్రాన్ ఖాన్ ప్రధాని అయినప్పుడు ప్రతిపక్షంలోని పీపుల్స్ పార్టీ నేత బిలావల్ భుట్టో సభలోనే ఆయనను ‘ప్రైమ్ మినిస్టర్ సెలెక్ట్’ అని ఎత్తిపొడిచాడు. సైన్యం ఏరి తెచ్చుకున్న ప్రధాని అని దెప్పడం. ఆ మాట ప్రతిపక్షం నోట ఎంతగా నానిందంటే, 2019 జూన్‌లో డిప్యూటీ స్పీకర్ ‘సెలెక్టెడ్’ అనే మాటను సభలో వాడకూడదన్నాడు. మనం ‘ఎన్నికైన ప్రధాని కాదు, ఎంపికైన ప్రధాని’ అంటే ఆ ఎత్తిపొడుపు చెక్కుచెదరకుండా తెలుగులోకి వస్తుంది.

డెస్కు మిత్రులు: ఒప్పుకుంటాను, శీర్షికలో కూడా ఇముడుతుంది. కానీ ఒక చిక్కు. ఢిల్లీ అధిష్ఠానం ముందే తేల్చిన పేరును కూడా ‘శాసనసభాపక్ష నేతగా ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు’ అని రాసే అలవాటు మనది. ఆ తేడా ముందు మన పేజీల్లో పాటించాలి కదండీ?