ఆకివీడుకు ముందు ఏది కావాలి: ఉప్పుటేరు మీద రెగ్యులేటరా, వరదకు దారా?

ఉప్పుటేరు గట్టు (చర్చ మొదలుపెట్టినవారు)

వరద, తుపాను, వేసవి ఉప్పునీరు. ఈ మూడింటినీ తట్టుకునేలా ఆకివీడుకు ఒక ప్రణాళిక రాసి నగర పంచాయతీకి ఇద్దామని మా వార్డులో కొందరం నెల రోజులుగా మాట్లాడుకుంటున్నాం. ఒక్కచోటే ముడి పడింది. నిధులంటూ వస్తే ముందు దేనికి ఖర్చు పెట్టమనాలి? సముద్రపు పోటు పైకి రాకుండా, కొల్లేటి నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరు మీద రెగ్యులేటర్ (ఎత్తి దించే తలుపులున్న అడ్డుకట్ట) కట్టమనా, పూడికా ఆక్రమణలూ తీసి వరదకు దారి ఇమ్మనా?

నేను రెగ్యులేటర్ వైపే. వేసవిలో గోదావరి కాలువలకు నీళ్లు ఆపేశాక మా వీధి బోరు నీళ్లు నోట పెట్టలేం. ముందే నింపుకున్న మంచినీటి చెరువే ఊరికి దిక్కు. పోటు నీరు ఉప్పుటేరు వెంట కొల్లేరు వైపు ఎక్కి వస్తుంటే ఎన్నేళ్లు చూస్తూ ఊరుకుంటాం?

సార్వా రైతు

గట్టు గారూ, మీ బాధ వేసవిది, మాది వానాకాలానిది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచడం దేశమంతా చూసింది. ఆ నీరు తర్వాత ఎటు పోయిందో ఎవరూ అడగలేదు. మా మీదికే వచ్చింది. మా ఊళ్లో వాన వెలిసి ఎండ కాస్తోంది, కొల్లేరు మాత్రం పెరుగుతూనే ఉంది. పెదయడ్లగాడి వంతెన దగ్గర కొల్లేరు మట్టం ఎంతుందని పొద్దున్నా సాయంత్రం ఫోన్లు చేసుకున్నాం. పిలకలు వేసే వరి నీళ్లలోనే కుళ్లింది. నీరు బయటికి పోవడానికే దారి లేని చోట ఇంకో అడ్డు కట్టమంటే నాకు గుండె ఆగినంత పనవుతుంది.

డ్రెయిన్ల శాఖ విశ్రాంత ఉద్యోగి

ఇద్దరి మాటా నిజమే, కానీ వరస ముఖ్యం. కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న పల్లం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరుతో పాటు డెల్టా మురుగు కాలువలెన్నో అందులోకే దిగుతాయి. బయటికి పోయే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. అదీ వంకర్లు తిరుగుతూ సుమారు 60 కిలోమీటర్లు పోతే గాని సముద్రం రాదు. వాలు అతి తక్కువ. పోటు సమయంలో నీరు నిలబడిపోతుంది, ఆటు సమయంలోనే లాగుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో వరద వస్తే ఎలా ఉంటుందో గట్టు మీద కాపురమున్నవారికి నేను చెప్పనక్కరలేదు.

వాతావరణ మార్పు మన ఊరికి తగిలేది సరిగ్గా ఇక్కడే. సముద్ర మట్టం పెరిగే కొద్దీ ఆటులో నీరు లాగే సమయం తగ్గుతుంది. అదే కాలంలో ఒక్క రోజులో కుండపోతగా కురిసే వానలు పెరుగుతున్నాయి. నీరు ఎక్కువ, అది పోవడానికి దొరికే గంటలు తక్కువ. అందుకే ఉప్పుటేరు వెడల్పూ లోతూ ముందు తేలాలి. రెగ్యులేటర్ ఖానాల (నీరు పోయే దారుల) వెడల్పు దానికి సరిపడేలా ఉండాలి. పూడిన ఏటి కొలతకు రెగ్యులేటర్ కడితే, రేపు పూడిక తీసినా ఫలితం ఉండదు.

ఇంకొకటి, నా కళ్లారా చూసింది. ఒక చిన్న డ్రెయిన్ మీద తలుపులు ఏళ్ల తరబడి గ్రీజు లేక తుప్పు పట్టాయి. వరద రాత్రి గొలుసు తెగింది. నలుగురం గునపాలు పట్టి, టార్చి వెలుగులో తెల్లవారుజాము దాకా తంటాలు పడి ఎత్తాం. కాబట్టి రెగ్యులేటర్ అడిగేవారు దాన్ని ఎత్తే మనిషినీ, ఏటేటా మరమ్మతు డబ్బునూ కూడా అడగాలి. శంకుస్థాపన రోజున ఆ సంగతి ఎవరికీ గుర్తు రాదు.

లంక టీచరు

మాస్టారూ, దారి ఇవ్వాలన్నారు. సరే. కానీ ఎవరి గట్లు తెంచి ఇస్తారు? ఆక్రమణ అనగానే అందరి వేలూ కొల్లేటిలోని మా లంక గ్రామాల వైపే తిరుగుతుంది.

మా తాతలు మావులు వేసుకుని, కట్టవలలతో చేపలు పట్టి బతికారు. 1970లలో మావాళ్లకు సహకార సంఘాలు పెట్టి చెరువులు ఇచ్చారు. లీజుల పేరుతో అవి డబ్బున్నవాళ్ల చేతుల్లోకి పోయాయి. 1999లో ఐదో కాంటూరు (సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) వరకు అభయారణ్యం అన్నారు, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది, 2006లో గట్లు పేల్చేశారు. పెట్టుబడి పెట్టినవాళ్లు మరోచోట చెరువులు తవ్వుకున్నారు. మావాళ్లు సంచులు సర్దుకుని కూలికి పోయారు. తర్వాత గట్లు మళ్లీ లేచాయి. అవి ఎవరివో ఊళ్లో అందరికీ తెలుసు.

నేను సరస్సు వైపే ఉన్నాను. నిండు కొల్లేరు ఉంటేనే మా కొర్రమీను, మా బతుకు ఉంటాయి. తెంచడం మొదలుపెడితే నీటి దారికి అడ్డంగా ఉన్న పెద్ద చెరువులతో మొదలుపెట్టండి. చేపలు పట్టుకునే హక్కు లంకలవారికి రాసివ్వండి. ఈ రెండూ కాగితం మీద లేని ప్రణాళికకు మా ఊరు సంతకం పెట్టదు.

రెండెకరాల చెరువు

టీచరు గారూ, నాది జిరాయతీ పట్టా భూమి, ఐదో కాంటూరు లోపల ఉంది. పెద్దవాళ్లతో పాటు నన్నూ తుడిచేయకండి. పరిహారం ఇచ్చి తీసుకుంటే గట్టు నేనే తెంచుతాను.

ఉప్పుటేరు గట్టు

టీచరమ్మా, ఆక్రమణలన్న మాట నేను తేలిగ్గా వాడాను. మన్నించండి. మాస్టారు చెప్పిన వరసకు ఒప్పుకుంటున్నాను: ముందు దారి, దాని కొలతకే రెగ్యులేటర్. పట్టా భూమికి పరిహారం, లంకలవారి హక్కు, రెండూ మొదటి పేజీలోనే రాద్దాం. ఒక్కటి మాత్రం వదలను. రెగ్యులేటర్ వచ్చేదాకా వేసవి గడవాలంటే రెండో మంచినీటి చెరువు కావాలి. అది దారి పనితో పాటే మొదలవ్వాలి.

సార్వా రైతు

దానికి నాకు అభ్యంతరం లేదు. ఆదివారం పొద్దున్నే రైలు వంతెన దగ్గర కలుద్దాం. గుర్రపుడెక్క ఎక్కడెక్కడ పేరుకుందో, ఏరు ఎక్కడ సన్నబడిందో గట్టు వెంట నడిచి రాసుకుందాం. మాస్టారూ, కొలత టేపు మీ దగ్గర ఉందా?

డ్రెయిన్ల శాఖ విశ్రాంత ఉద్యోగి

ఉంది. లోతు చూడటానికి పొడవాటి గెడ ఒకటి మీరు తెండి. ఆటు ఎప్పుడో చూసి రేపు సమయం చెబుతాను.

లంక టీచరు

పడవ మేము తెస్తాం.