బురద ప్రాణులకు ఏ నియమాలు పెట్టాలి?

ప్రశ్న: పెన్నగట్టు (కోవూరు)

ఒక నదీముఖద్వారంలో ఉన్న ఊహారాజ్యం నేపథ్యంగా జానపద నవల రాస్తున్నాను. అందులో ఒండ్రుమట్టి నుంచి పుట్టే ప్రాణులు ఉన్నాయి. అవి మోకాలెత్తు ఉంటాయి, మాట్లాడవు, తమను పుట్టించిన మంత్రగత్తె అడుగు ఎక్కడ పడితే అక్కడ పైకి లేస్తాయి. వాటి బలం ఎక్కడిదో, వాటిని ఎలా ఓడించవచ్చో మాత్రం నాకు తేలడం లేదు. నీళ్లు పోస్తే కరిగిపోతాయని రాస్తే, నీటి అంచున పుట్టినవి నీటికే ఎలా చస్తాయని మా చెల్లెలు అడిగింది. ఎండకు బిగుసుకుపోతాయని రాస్తే రోహిణి కార్తెతో కథ ముగిసిపోతుంది. మంత్రం ఉంది కదా అని ఇష్టం వచ్చినట్లు రాయడానికి మనసొప్పడం లేదు. పాఠకులు నమ్మదగిన నియమాలు ఏవైనా సూచించగలరా?

జవాబు: ఉప్పుకయ్య (అల్లూరు)

మీ చెల్లెలుగారు అడిగినదానికి సమాధానం ముఖద్వారంలోనే ఉంది. బంకమట్టి రేణువు 0.002 మిల్లీమీటరు కన్నా చిన్నది. మంచినీటిలో ఆ రేణువులు తమ మీద ఉండే రుణావేశం వల్ల ఒకదాన్నొకటి నెట్టుకుంటూ, అడుగుకు దిగకుండా ఎంత దూరమైనా కొట్టుకొస్తాయి. సముద్రపు ఉప్పు తగలగానే ఆ నెట్టుడు సన్నగిల్లి, గుంపులు కట్టి, బరువెక్కి కిందికి దిగుతాయి. ఊటుకూరు దగ్గర పెన్న సముద్రంలో కలిసేచోట జరిగేది కూడా ఇదే. వరదనీటిని రెండు గాజుగ్లాసుల్లో పట్టి, ఒకదానిలో చెంచాడు కల్లుప్పు కలిపి చూడండి. ఆ గ్లాసులో దూదిపింజల్లాంటి ముద్దలు ఏర్పడి, నెమ్మదిగా అడుగుకు జారి, పైన నీరు తేటపడుతుంది. రెండో గ్లాసు చాలాసేపు మురికిగానే ఉంటుంది.

అందువల్ల మీ ప్రాణులకు ఉప్పునీటిలో బలం, మంచినీటి వరదలో చావు పెట్టండి. పోటు వచ్చినప్పుడు అవి ఒళ్లు కూడదీసుకుని లేవాలి, ఎగువ నుంచి వరద దిగినప్పుడు రేణువు రేణువుగా విడిపోవాలి. మన జిల్లాకు ఎక్కువ వాన ఈశాన్య రుతుపవనాల వల్ల అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడుతుంది కనుక, మీ రాజ్యంలో వాటికి గడ్డుకాలం కార్తీకమాసం అవుతుంది.

జవాబు: నల్లరేగడి (ఒంగోలు)

ఉప్పు మాట బాగుంది, కానీ ఎండ సంగతి మిగిలిపోయింది. చెరువు ఎండితే కొరమీను బురదలోకి దూరి, గాలి పీల్చుకుంటూ వాన కోసం ఎదురుచూస్తుంది. మీ ప్రాణులు కూడా ఎండకు చావకుండా అలాగే నిద్రపోవచ్చు. మా వైపు రేగడి ఎండాకాలంలో కాలు దిగబడేంత నెర్రెలిస్తుంది, తడిస్తే ఉబ్బి మళ్లీ కలిసిపోతుంది. నెర్రె ఎక్కడుండేదో గుర్తుపట్టలేము. పక్కపక్కన నిద్రపోయిన రెండు ప్రాణులు వానకు ఒక్కటై లేస్తే, అది మంత్రగత్తె ఆ రెండింటిలో దేనికి ఇచ్చిన ఆజ్ఞను గుర్తుంచుకుంటుంది? నేనైతే నవలను అక్కడి నుంచే మొదలుపెడతాను.

జవాబు: ఆవం (కందుకూరు)

నిప్పును ఎవరూ ప్రస్తావించలేదు. ఎండలో ఆరిన మట్టిని తడిపి మళ్లీ బురద చేయవచ్చు. కుమ్మరి కుండలు కాల్చే ఆవంలో సుమారు 600 డిగ్రీల సెల్సియస్ దాటి కాలిన మట్టి మాత్రం రేణువుల నిర్మాణంలో ఇమిడి ఉన్న నీటిని కూడా కోల్పోతుంది. ఆ తర్వాత ఎంత నానబెట్టినా బురదగా మారదు, పగిలితే పెంకులే మిగులుతాయి. పైగా పచ్చి కుండను సరిగ్గా ఆరనీయకుండా ఆవంలో పెడితే లోపలి తడి ఆవిరై దాన్ని పగలగొడుతుంది. కనుక నిప్పులోకి వెళ్లే ప్రాణి ముందుగా నీడలో ఓపికగా ఆరాలి. అలా ఆరి, కాలి, వరదకు చెక్కుచెదరని ఒంటిని సంపాదించుకున్న ప్రాణి తన జాతితో కలిసే శక్తిని శాశ్వతంగా పోగొట్టుకుంటుంది. కుమ్మరి ఇంట పెరిగిన శాలివాహనుడు మట్టి ఏనుగులకూ సైనికులకూ ప్రాణం పోసి విక్రమార్కుణ్ణి ఎదిరించిన కథ మనకు ఉండనే ఉంది. ఆ సైనికులు పచ్చిమట్టివారా, కాలినవారా అన్నది చిన్నప్పటి నుంచీ నన్ను వేధించే ప్రశ్న.

పెన్నగట్టు

ముగ్గురికీ కృతజ్ఞతలు. శత్రురాజు ఎగువ ఆనకట్టను తెగగొట్టి వరద వదిలేలా కథ మారుస్తున్నాను. ఆ వార్త తెలిసిన నాడు ఒక్క ప్రాణి మాత్రం గుంపు విడిచి కుమ్మరివాడకు నడుస్తుంది. నీడలో ఆరడానికి దానికి వ్యవధి చాలుతుందో లేదో ఇంకా తేల్చుకోవాలి.

ఆవం

ముఖద్వారపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి మోకాలెత్తు బొమ్మ లోపలి దాకా ఆరడానికి రోజులు పడుతుంది. దాని ఒంటిలో ఇసుక కలపండి, త్వరగా ఆరుతుంది, పగుళ్లూ తగ్గుతాయి.