పాత డయానా 27 ఎయిర్ రైఫిల్ పొగ కక్కుతోంది, హెవీ స్ప్రింగ్ వేస్తే బాగవుతుందా?

కొత్తగురి:
అందరికీ నమస్తే. మా మావయ్య అటక మీద ఏళ్ల తరబడి పడున్న డయానా 27 నా చేతికొచ్చింది, .177 (గొట్టం వ్యాసం, అంగుళాల్లో), బ్యారెల్ వంచి లోడ్ చేసే రకం. పైన తుప్పు మచ్చలున్నా బ్యారెల్ లోపల శుభ్రంగానే ఉంది. కాక్ చేస్తుంటే (బ్యారెల్ వంచి స్ప్రింగ్‌ని నొక్కి నిలబెడుతుంటే) గరగరమంటుంది, పేలిస్తే టంగుమని లోపల స్ప్రింగ్ మోగుతుంది, పెల్లెట్ (చిన్న సీసపు గుండు) మాత్రం అట్టపెట్టెలో ఇరుక్కుని ఆగిపోతోంది. ఎవరో చెప్పారని గాలొచ్చే రంధ్రంలో నాలుగు చుక్కలు కుట్టుమిషన్ ఆయిల్ వేశా, తర్వాతి షాట్ ఢామ్మని పేలి పొగొచ్చింది, ఓ నాలుగైదు షాట్లు భలే వెళ్లి మళ్లీ మొదటికే వచ్చింది. హెవీ స్ప్రింగ్ ఒకటి దొరికేలా ఉంది, వేసేయమంటారా?

తోలువాషర్:
ముందు ఆ ఆయిల్ ఆపు బాబూ. నువ్వు చూసింది పవర్ కాదు, డీజిలింగ్. పిస్టన్ దూసుకొచ్చి గాలిని నొక్కేసరికి లోపల ఒక్క క్షణం వందల డిగ్రీల వేడి పుడుతుంది, అక్కడ ఆయిల్ ఉంటే డీజిల్ ఇంజన్‌లో లాగే అంటుకుంటుంది. ఇలా మళ్లీ మళ్లీ పేలిస్తే వాషర్ మాడుతుంది, స్ప్రింగూ పోతుంది.

నాకైతే స్ప్రింగ్ కంటే సీల్ మీదే అనుమానం. పాత 27ల్లో పిస్టన్ ముందు ఉండేది తోలు వాషర్, సైకిల్ పంపులో ఉంటుందే అలాంటిదే. ఎండిపోతే అంచులు ముడుచుకుని గాలి పక్కనుంచి జారిపోతుంది. మరీ చినిగిపోకపోతే నీట్స్‌ఫుట్ ఆయిల్‌లో (తోలుని మెత్తబరిచే నూనె) ఓ రాత్రి నానబెట్టి, బాగా తుడిచి వేస్తే చాలాసార్లు ప్రాణం లేచొస్తుంది. ఇంకోటి, విప్పక ముందే బ్రీచ్ సీల్ చూడు, అంటే బ్యారెల్ వెనక మూతి దగ్గర గాలి పోకుండా ఆపే రింగు. బ్యారెల్ మూసే జాయింట్ మీద చిన్న టిష్యూ ముక్క పెట్టి పెల్లెట్ వేసి కాల్చు, ముక్క ఎగిరిందంటే గాలి అక్కడే పోతోంది. పెల్లెట్ లేకుండా మాత్రం కాల్చొద్దు, ముందు గాలి దిండులా ఆపకపోతే పిస్టన్ వెళ్లి గోడకి గుద్దుకున్నట్టే.

కొత్తగురి:
టిష్యూ ఎగిరింది అన్నా 😅 అయితే విప్పుతా. ఊరికే పిన్నులు కొట్టేస్తే వచ్చేస్తుందా?

మూడుగోలీలు:
వచ్చేస్తుంది, నీ మొహం మీదకి వచ్చేస్తుంది. కాక్ చేయకపోయినా స్ప్రింగ్ లోపల కొంత నొక్కుకునే ఉంటుంది, అందుకే స్ప్రింగ్ కంప్రెసర్‌లో బిగించి, ట్రిగ్గర్ బ్లాక్‌ని కాస్త లోపలికి నెట్టి అప్పుడు పిన్నులు తీయాలి, తర్వాత మెల్లగా వదలాలి. కంప్రెసర్ లేదా, చెక్క ఫ్రేమూ పొడవు బోల్టుతో చేసుకో, చేత్తో పట్టుకుంటా అనే వీరత్వం వద్దు. గన్ ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూసుకో.

ఈ మోడల్ ట్రిగ్గర్‌లో మూడు చిన్న ఉక్కు గోలీలు ఉంటాయి, పిస్టన్ రాడ్‌ని పట్టుకునేవి అవే. కింద తెల్ల గుడ్డ పరుచుకుని విప్పు, బిగించేటప్పుడు చిక్కటి గ్రీజు అంటించి కూర్చోబెట్టు, లేకపోతే ఒకటి పెట్టేలోపు ఇంకోటి దొర్లుతుంది.

స్ప్రింగ్‌ని అద్దం మీద దొర్లించి చూడు, వంకర ఉంటే మార్చు. టంగుమనే మోతకి కారణం ఎక్కువగా స్ప్రింగ్ గైడ్ (స్ప్రింగ్ లోపల దూరి దాన్ని నిటారుగా పట్టే కడ్డీ) వదులుగా ఉండటం, లోపలివైపు బిగుతుగా పట్టే డెల్రిన్ (గట్టి ప్లాస్టిక్) గైడ్ వేస్తే సగం శబ్దం పోతుంది. పిస్టన్ రాసుకునే చోట మాలీ గ్రీజు (మాలిబ్డినం కలిపింది) పల్చగా, స్ప్రింగ్‌కి జిగట గ్రీజు ఇంకా పల్చగా. సిలికాన్ ఆయిల్ ఇనుముకి ఇనుము రాసుకునే చోట పనికిరాదు.

నిదానం:
హెవీ స్ప్రింగ్ సంగతి ఎవరూ గట్టిగా చెప్పలేదు కాబట్టి నేను చెప్తా, వద్దు. 27 సిలిండర్ చిన్నది, నొక్కే గాలి ఎంతుందో పవర్ అంతే. స్ప్రింగ్ బలం పెంచితే కాకింగ్ బరువవుతుంది, పిస్టన్ చివర్లో ఎగిరి పడుతుంది, గురి పాడవుతుంది, లాభం మాత్రం నామమాత్రం. 8 గ్రెయిన్ల (సుమారు అర గ్రాము) పెల్లెట్ 580 ఎఫ్‌పీఎస్‌లో, అంటే సెకనుకి 580 అడుగుల వేగంతో వెళ్తే దాని శక్తి దాదాపు 6 ఫుట్‌పౌండ్లు, ఇలాంటి గన్‌కి అది చాలు. ఎఫ్‌పీఎస్ పిచ్చితో పాత గన్‌లు పాడుచేసుకున్న వాళ్లలో నేనూ ఒకణ్ణి.

గ్రూప్ చెదురుతుంటే (పెల్లెట్లు ఒకచోట పడకపోతే) ముందు స్టాక్ (చెక్క భాగం) స్క్రూలు, తర్వాత బ్యారెల్ వంగే చోట ఉండే పివట్ బోల్టు చూడు. కాక్ చేశాక బ్యారెల్ దాని బరువుకి అదే వాలిపోతే బోల్టు వదులు. ఆ చెక్ చేసేటప్పుడు బ్యారెల్ మీంచి చెయ్యి తీయకుండా, వేళ్లు బ్రీచ్‌లో పెట్టకుండా చూడు, పాత ట్రిగ్గర్‌ని నమ్మలేం. తుప్పుకి సన్న స్టీల్ ఉన్ని, ఆయిల్ చాలు, దయచేసి పాత బ్లూయింగ్ (ఉక్కు మీది నల్లటి నీలం పూత) గీకేయొద్దు.

కొత్తగురి:
అప్‌డేట్. తోలు చెక్కలా గట్టిపడి ఉంది, నానబెట్టా, మెత్తబడుతోంది. స్ప్రింగ్ నిటారుగానే ఉంది, అదే ఉంచుతున్నా. బ్రీచ్ సీల్ కొత్తది కోశా. గోలీలు మాత్రం రెండే ఉన్నాయి...

మూడుగోలీలు:
తెల్ల గుడ్డ పరిచావా?

కొత్తగురి:
లేదు.

మూడుగోలీలు:
చీపురు పట్టకముందే పుల్లకి అయస్కాంతం కట్టి మంచం కింద వెతుకు.