బ్రయాన్ మే: ఒకే గిటారుతో ఇన్ని నాదాలు ఎలా సాధ్యం?

ప్రశ్న:
క్వీన్ బృందపు గిటారిస్టు బ్రయాన్ మే 50 ఏళ్లకు పైగా దాదాపు ఒకే గిటారును వాయిస్తున్నారు. తక్కిన రాక్ కళాకారులు గిటార్లను మారుస్తూ ఉంటే, ఆయన ఒక్కదానితోనే ఇన్ని రకాల నాదాలను ఎలా రాబట్టగలిగారు? ఆంప్లిఫయర్లనైనా మార్చారా?

జవాబు:
ఆ గిటారు పేరు రెడ్ స్పెషల్. మంచి గిటారు కొనే స్తోమత లేక 1963లో ఆయన, తండ్రి హెరాల్డ్ కలిసి ఇంట్లోనే దాని తయారీ మొదలుపెట్టారు. మెడకు పాత నిప్పుగూడు పైచట్రంలోని మహాగని చెక్కను, ట్రెమొలోకు (తీగల బిగువు మార్చి నాదాన్ని ఊగించే మీట అమరికకు) మోటారుసైకిల్ వాల్వు స్ప్రింగులను వాడారు. మీ ప్రశ్నకు అసలు సమాధానం వైరింగులో ఉంది. మూడు బర్న్స్ పికప్‌లను (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగాలను) సిరీస్‌లో, అంటే ఒకదాని వెంట ఒకటిగా, కలిపి, ఒక్కొక్కదానికి ఆన్-ఆఫ్ స్విచ్చును, ఫేజు తిప్పే (సంకేతాన్ని తలకిందులు చేసే) స్విచ్చును విడివిడిగా అమర్చడం వల్ల, మామూలు గిటార్లలో దొరకని కలయికలు ఇందులో దొరుకుతాయి. తీగలు మీటే చిన్న పలకకు (పిక్‌కు) బదులు ఆరు పెన్నీల నాణెంతో మీటడం ఆయన అలవాటు.

మరో జవాబు:
ఆంప్లిఫయర్లలోనూ పెద్ద మార్పు లేదు. ట్రెబుల్ బూస్టరు (హెచ్చు స్థాయి స్వరాలను పెంచే పరికరం) ద్వారా వాక్స్ ఏసీ30 ఆంప్లిఫయరును గరిష్ఠ స్థాయిలో నడిపి, గిటారు మీది వాల్యూమ్ నాబ్‌తోనే నాదాన్ని మృదువుగానో, గరుకుగానో మార్చుకుంటారు. నా దృష్టిలో అన్నిటికంటే విచిత్రమైనది డీకీ ఆంప్లిఫయరు: బేస్ వాద్యకారుడు జాన్ డీకన్, చెత్తలో దొరికిన సర్క్యూట్ బోర్డుతో తయారుచేసిన ఈ చిన్న ట్రాన్సిస్టర్ పెట్టె ద్వారా స్టూడియోలో పొరలు పొరలుగా రికార్డు చేసిన గిటారు, కొన్నిచోట్ల వాద్యబృందాన్నే తలపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. అయితే ఆయన వేరే ఎలక్ట్రిక్ గిటారును ముట్టనే లేదా?

జవాబు:
ముట్టారండీ. 1979 నాటి ‘క్రేజీ లిటిల్ థింగ్ కాల్డ్ లవ్’ పాటలోని గిటారు సోలోను డ్రమ్మరు రోజర్ టేలర్‌కు చెందిన ఫెండర్ గిటారు మీద వాయించారు.