లీసా ఫెర్నాండెజ్ ఇంకా ప్రధాన కోచ్ ఎందుకు కాలేదు?

కొండపల్లిబొమ్మ: అమెరికా సాఫ్ట్‌బాల్‌లో (బేస్‌బాల్ లాంటి ఆట) లీసా ఫెర్నాండెజ్‌ను మించిన పిచర్, అంటే బంతి విసిరే ఆటగత్తె, పుట్టలేదని నా పట్టుదల. 1996, 2000, 2004 ఒలింపిక్స్‌లో మూడు స్వర్ణాలు. కాలేజీలో, అంటే యూసీఎల్ఏలో (లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం), 93 గెలుపులు, 7 ఓటములు. 1993లో బ్యాటింగ్ సగటులోనూ (.510, అంటే సగానికి పైగా సార్లు హిట్) దేశంలో ఆమెదే మొదటి స్థానం. అంతటి మనిషి అదే విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి మరొకరి కింద కోచ్‌గా పనిచేస్తోంది. ఆ మరొకరు ఎవరు? ఒకప్పుడు ఆమె బంతులు పట్టిన క్యాచర్ కెల్లీ ఇనోయె-పెరెజ్! ఇదేం న్యాయం?

పీఈటీ మాస్టారు: బొమ్మ గారూ, క్యాచర్‌ను అంత తేలిగ్గా తీసేయకండి. తొమ్మిది మందిలో మైదానాన్ని ఎదురుగా చూసేది ఆమె ఒక్కతే. ఏ బంతి వేయాలో సైగ చేసేదీ ఆమే. కెల్లీ ఆడే రోజుల్లోనే సగం కోచింగ్ నేర్చేసుకుంది. 2007లో పగ్గాలు అందుకుని 2010లో, 2019లో జట్టును జాతీయ కాలేజీ విజేతగా నిలిపింది. అంతెందుకు, ఓక్లహోమా విశ్వవిద్యాలయానికి ఎనిమిది జాతీయ టైటిళ్లు తెచ్చిన కోచ్ పాటీ గాసో ఒలింపిక్స్‌లో ఆడనే లేదు.

నల్లరేగడి: మరి లారా బెర్గ్? ఒలింపిక్స్‌లో మూడు స్వర్ణాలు, ఒక రజతం. 2022లో కోచ్‌గా ఒరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయాన్ని కాలేజీ ప్రపంచ సిరీస్‌కు (జాతీయ కాలేజీ టైటిల్ తేలే చివరి పోటీ) చేర్చింది. పతకాలు అడ్డమేమీ కాదు మాస్టారూ.

పీఈటీ మాస్టారు: అడ్డమని నేనన్నానా? అర్హత కాదన్నాను.

శాన్‌హోసే అమ్మ: మా అమ్మాయి పిచర్. 43 అడుగుల దూరం నుంచి, చేయి కింద నుంచి విసరాలి. మొదట్లో నేర్పినావిడ పెద్ద క్రీడాకారిణే. పాప బంతి గాడి తప్పినప్పుడల్లా ‘ఇలా వెయ్యి’ అని తాను వేసి చూపించేది. ఎందుకు తప్పిందో మాత్రం చెప్పలేకపోయేది. ఆవిడకు ఎప్పుడూ తప్పలేదు కాబోలు!

లీసా సంగతి వేరు. చిన్నప్పుడు పిచర్‌గా తొలి ఆట 28–0తో ఓడింది. చేతులు పొట్టివి, పైకి రాలేవని ఒక కోచ్ తేల్చేశాడు. విరిగిందాన్ని అతికించడం తెలిసిన మనిషికి పిచర్లతో గడిపే కొలువే తగినది. 2019లో యూసీఎల్ఏను గెలిపించిన రేచల్ గార్సియా ఆమె చేతి కింద తయారైన పిచరే.

కొండపల్లిబొమ్మ: అమ్మగారూ, ‘తగినది’ అన్న మాటే నన్ను గుచ్చుతుంది. ఎవరికి తగినది? పేరు ప్రధాన కోచ్‌కు, చెమట పక్కవాళ్లకు.

పీఈటీ మాస్టారు: ప్రధాన కోచ్ పనిలో బంతి ముట్టుకునేది ఎంతసేపు? హైస్కూలు పిల్లల ఇళ్లకు ఫోన్లు, తల్లిదండ్రులకు నచ్చజెప్పడం, విరాళాలిచ్చే పెద్దలతో విందులు. నాకే ఇస్తానన్నా వద్దంటాను.

నల్లరేగడి: మీకు ఇస్తామని ఎవరన్నారు మాస్టారూ?