ధ్యానం చెప్పే మనిషికి సర్టిఫికెట్టా, సాధనా?

అలిపిరిమెట్టు: మా అపార్ట్‌మెంట్ సంఘం ఎనిమిది వారాల మైండ్‌ఫుల్‌నెస్ (ఉన్నదాన్ని ఉన్నట్టు గమనించే ధ్యానం) తరగతి పెట్టాలనుకుంటోంది. తిరుపతిలోనే, బైరాగిపట్టెడ పక్కన హాలు దొరికింది. ఇరవై మంది వస్తారు, సగానికి పైగా యాభై దాటినవాళ్లు. నేర్పడానికి ఇద్దరు ముందుకొచ్చారు. ఒకావిడ ఎం.ఏ. సైకాలజీ, ఆన్‌లైన్‌లో ట్రైనర్ కోర్సు చేశారు. ఇంకొకరు రిటైరైన లెక్కల మాస్టారు, ఇరవై ఏళ్లుగా విపశ్యన ధ్యానం సాధన. కాగితాలేమీ లేవు. ఎవరిని పిలవమంటారు?

కొర్లగుంట_సాధకుడు: ఇందులో ఆలోచించేదేముంది అన్నా, మాస్టారే. విపశ్యన శిబిరాలు నడిపిన గోయెంకా గారు వ్యాపారి. ఆయనకు నేర్పిన ఊ బా ఖిన్ బర్మా సర్కారులో అకౌంటెంట్ జనరల్. 1979లో మసాచుసెట్స్ యూనివర్సిటీ ఆసుపత్రిలో ఎంబీఎస్సార్ అనే మైండ్‌ఫుల్‌నెస్ కోర్సు మొదలుపెట్టిన కబాట్-జిన్ చదివింది మాలిక్యులర్ బయాలజీ. ఒక్కరికైనా సైకాలజీ డిగ్రీ ఉందా? ఈదనివాడు ఈత నేర్పినట్టు ఉంటాది ఆన్‌లైన్ సర్టిఫికెట్ల బాగోతం.

నిదానం: కబాట్-జిన్ దగ్గరికి రోగుల్ని పంపింది డాక్టర్లు సార్. ఎవరికేం జబ్బో ముందే తెలుసు, ఏదైనా అయితే ఆసుపత్రి అదే భవనంలో ఉంది. బైరాగిపట్టెడ హాల్లో ఏముంది? ఫ్యానూ జంపఖానా.

మొగిలిఘాట్: మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1929లోనే తన కోసం పెట్టిన సంఘాన్ని రద్దు చేసి, గురువులే వద్దన్నాడు. మనం ఇంకా ఏ గురువు అని కొట్టుకుంటున్నాం.

నిదానం: ఆయన్ని పిలవలేం కాబట్టి ఉన్న ఇద్దరి సంగతి చూద్దాం.

కుడికాలు: ఒక అనుమానం. ఒంట్లో ఒక్కో భాగాన్నీ వరసగా గమనించే బాడీ స్కాన్‌లో ఎడమ కాలి వేళ్లతో మొదలుపెట్టమంటారట. మంచి పనికి మనవాళ్లు కుడికాలు ముందు పెడతారు కదా?

కొర్లగుంట_సాధకుడు: ఎంబీఎస్సార్‌లో ఎడమ బొటనవేలు. విపశ్యనలో నడినెత్తి నుంచి కిందికి. ఎక్కడ మొదలుపెట్టినా తేడా లేదు, భాగం వదలకుండా వరసగా పోవాల.

కుడికాలు: తేడా లేకపోతే కుడితోనే పెట్టొచ్చుగా. అదే అడుగుతున్నా.

నిదానం: పెట్టుకోండి సార్. అసలు చూడాల్సింది ఆ భాగం దగ్గర ఏం పలుకుతారన్నది. చేతగానివాళ్లు "మీ పాదం తేలికైపోతోంది, హాయిగా ఉంది" అంటారు. అది మైండ్‌ఫుల్‌నెస్ కాదు, నిద్రపుచ్చడం. "బొటనవేలి దగ్గర ఏం తెలుస్తోంది? ఏమీ తెలియకపోతే, ఏమీ తెలియడం లేదన్న సంగతే గమనించండి" అనాలి. తర్వాత గమనించే వ్యవధి ఇవ్వాలి. మాటల మధ్య పది సెకన్ల మౌనం కూడా ఉంచలేక గడగడా చెప్పేవాళ్లే ఎక్కువ.

ఇంకో పొరపాటు "గాఢంగా ఊపిరి పీల్చండి". ఊపిరిని చూడమనాలి గానీ మార్చమనకూడదు. పదే పదే గాఢంగా పీలిస్తే తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. అసలే కంగారు మనిషైతే గుండెపోటనుకుంటాడు. ఆస్తమా ఉన్నవాళ్లకు ఊపిరి బదులు అరిపాదాల స్పర్శో, చెవిన పడే చప్పుడో ఇవ్వాలి. మన ఊళ్లో గుడి మైకు ఎటూ ఉంటుంది, దాన్నే వినమనొచ్చు.

కొర్లగుంట_సాధకుడు: ఇవన్నీ మాస్టారికి తెలీవనుకుంటున్నావా తల్లీ? విపశ్యన పది రోజుల శిబిరంలో మొదటి మూడు రోజుల పైన ఆనాపానే, అంటే సహజమైన శ్వాసను గమనించడమే. మారిస్తే అది ప్రాణాయామమని మొదటి పూటే చెప్తారు. ఇట్లాంటి శిబిరాలు ఎన్నో కూర్చున్న మనిషి ఆయన. ఆ సైకాలజీ మేడం వరసగా పది రోజులు మౌనంగా ఉందా, అడగండి.

నిదానం: శిబిరంలో కూర్చోవడం వేరు, ఎదుటివాళ్లను కూర్చోబెట్టడం వేరు. అక్కడ సూచనలు రికార్డింగులో గోయెంకా గారి గొంతుతోనే వస్తాయి. పాత సాధకుడికి నేర్పే అభ్యాసం ఎక్కడ?

తిరుచానూరు_బావ: ఫీజెంత? విపశ్యన శిబిరానికి ఫీజు లేదు, దానమే. నాలుగు వేలు కట్టించుకుని ఫోన్లో ఆడియో పెట్టి బయటికెళ్లి కాఫీ తాగొచ్చేవాళ్లూ ఉన్నారు ఈ ఊళ్లో.

నిదానం: ఫీజు తర్వాత. మేడం పక్షమూ కాదు నేను. ఎం.ఏ. చేసినంత మాత్రాన క్లినికల్ సైకాలజిస్టు కారు. దానికి ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉండాలి. డిప్రెషన్ తిరగబెట్టకుండా చేసే ఎంబీసీటీ పద్ధతిని ఆవిడ ముట్టుకోకూడదు.

కొర్లగుంట_సాధకుడు: మరి ఇంకెవరు కావాలి నీకు? మెట్టు మెట్టుకీ డాక్టరా? ధ్యానంలో ఏడుపు వస్తుంది, ఒణుకు వస్తుంది. లోపల పేరుకున్న సంస్కారాలు, అంటే పాత ముద్రలు, పైకొచ్చి పోతా ఉండాయి. కదలకుండా కూర్చుంటే పోతాయి. మధ్యలో లేపితే మళ్లీ లోపలికే. కదలకుండా కూర్చునే అధిట్ఠానం గంటసేపు ఎందుకు పెట్టినారనుకున్నావు?

నిదానం: ఇదీ అసలు సంగతి! ఇప్పటిదాకా సర్టిఫికెట్ల మీద పడి కొట్టుకున్నాం. మీ లెక్కన ఏ బాధొచ్చినా కూర్చోవాల్సిందే. కన్నీళ్లు కారుతున్నా పిలిస్తే పలికే మనిషిని కూర్చోనివ్వండి, సరే. కానీ ఊపిరి పైపైన ఎగదోస్తూ, పిడికిళ్లు బిగిసి, లేదా చూపు నిలిచిపోయి పిలిచినా పలకకపోతే అది సంస్కారం పోవడం కాదు. పాత భయం మళ్లీ ఒంటిని పట్టేసింది. కళ్లు తెరిపించాలి, పాదాలు నేలకు ఆనించాలి, ఎదురుగా కనిపించే ఐదు వస్తువుల పేర్లు చెప్పించాలి. ఇంకొకరు బయటికి తీసుకెళ్లాలి. నలుగురిలో "ఏమైంది" అని తవ్వకూడదు. అందుకే ఇరవై మందికి ఒక్కరు చాలరు.

కొర్లగుంట_సాధకుడు: భయపెట్టి జనాన్ని రాకుండా చేసేటట్టు ఉండావే. శిబిరాల్లోనూ దరఖాస్తులో మానసిక జబ్బులు, మందుల సంగతి అడుగుతారు. మధ్యాహ్నం పన్నెండు నుంచి ఒంటిగంట దాకా ఆచార్యులు ఒక్కొక్కరితో మాట్లాడతారు. మాకేమీ తెలీదన్నట్టు రాయొద్దు.

నిదానం: నేననేదీ అదే సార్. ఆ దరఖాస్తూ ఆ గంటా హాల్లోకి కూడా రావాలి. ఫిట్స్, మానసిక జబ్బుకు మందులు, ఈ మధ్య ఇంట్లో చావు, నిద్ర లేకపోవడం, ఇవి ఒక్కొక్కరినీ విడిగా అడగాలి. మందులు మానమని ఎవరూ అనకూడదు.

అలిపిరిమెట్టు: ఇద్దరికీ ఫోన్ చేశా. "ఇరవయ్యో నిమిషంలో ఒకావిడ బిగుసుకుపోతే ఏం చేస్తారు?" అని అడిగా. మాస్టారు "ధ్యానం ఆపేసి పక్కన కూర్చుంటా, కళ్లు తెరవమంటా" అన్నారు. మేడం "అది రిలీజ్, లోపలిది బయటికి పోవడం, కోర్సులో చెప్పారు, కొనసాగిస్తా" అన్నారు. ఫారం మాత్రం మేడం దగ్గర తయారుగా ఉంది. మాస్టారేమో "ఒకరి ఇంటి విషయాలు నేనెట్ల అడుగుతా" అంటున్నారు.

తిరుచానూరు_బావ: హహ్హా. సాధకుడన్నా, వింటున్నావా?

కొర్లగుంట_సాధకుడు: ధ్యానం మధ్యలో ఆపడం తప్పు. మాస్టారితో నేను మాట్లాడతా.

నిదానం: దయచేసి మాట్లాడకండి. ఫారం మేడం నింపిస్తే సరిపోతుంది, కూర్చోబెట్టేది మాస్టారు. మోకాళ్ల నొప్పులవాళ్లకు చేతుల్లేని కుర్చీలు పన్నెండు చూడండి.

కుడికాలు: మరి ఏ కాలో తేల్చారా?