మామిడి తోట కాపలా టార్చికి 519ఏ ఎల్‌ఈడీ: పాత రిఫ్లెక్టర్‌లోనే వేయాలా, రిఫ్లెక్టర్ కూడా మార్చాలా?

కౌండిన్య కాపలా (పలమనేరు):

అందరికీ నమస్కారం. మాది పలమనేరు పక్క పల్లె. తోతాపురి తోట, దాని కిందనే టమాటా. కౌండిన్య అడవి దగ్గరే కాబట్టి ఏనుగుల గుంపు దిగిందని ఫోన్ వస్తే రాత్రంతా కాపలా తప్పదు. నా దగ్గరున్నది సీ8 రకం టార్చి. ఒక 18650 సెల్లు (చార్జ్ చేసుకునే లిథియం బ్యాటరీ), సుమారు 40 మిల్లీమీటర్ల వెడల్పున్న, అద్దంలా నున్నని రిఫ్లెక్టర్, లోపల ల్యూమినస్ కంపెనీ ఎస్‌ఎస్‌టీ-40 ఎల్‌ఈడీ, 6500 కెల్విన్, అంటే నీలం ఛాయ తెలుపు. తోట ఆ చివరి దాకా వెలుగు పోతుంది. దగ్గర చూపు మాత్రం బాగాలేదు. ఎండుటాకులు, మట్టి, డ్రిప్ పైపు అన్నీ ఒకే బూడిద రంగులో కనిపిస్తాయి. ఆకుల మీద రక్తపింజరి చుట్టుకుని పడుకుంటే ఈ వెలుగులో పోల్చుకోవడం కష్టం.

అందుకని నిచియా కంపెనీ 519ఏ ఎల్‌ఈడీ తెప్పించినాను. 4500 కెల్విన్, అంటే కొంచెం వెచ్చని తెలుపు. సీఆర్‌ఐ (రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె, 100కి) 90 పైన. రిఫ్లెక్టర్ ముట్టుకోకుండా ఎల్‌ఈడీ ఒక్కటి మారిస్తే దూరం కొంచెం తగ్గినా రంగులు వస్తాయి, ఒకే టార్చితో రెండు పనులూ జరుగుతాయి అని నా అభిప్రాయం. ఇదే మాట ఇంకో గ్రూపులో పెడితే "నున్న రిఫ్లెక్టర్‌లో 519ఏ దండగ" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఎందుకు దండగో ఎవరూ చెప్పలేదు. ఇక్కడ కారణాలతో చెప్పండి.

తిరుచానూరు బెంచి:

దండగ అనను అన్నా. కానీ ఒకే టార్చితో రెండు పనులూ అన్నారే, అక్కడ మాత్రం నేను ఒప్పుకోను.

దూరం ల్యూమెన్ల వల్ల, అంటే మొత్తం వెలుగు వల్ల, రాదు. ఎల్‌ఈడీ ముఖం మీద ఒక్కో చదరపు మిల్లీమీటరు ఎంత గట్టిగా వెలుగుతోంది, ఆ వెలుగును ముందుకు తిప్పే రిఫ్లెక్టర్ నోరు ఎంత పెద్దది, ఈ రెండింటి వల్ల వస్తుంది. 20 మి.మీ. రిఫ్లెక్టర్‌లో ఉన్న ఎల్‌ఈడీని అదే కరెంటుతో 40 మి.మీ. రిఫ్లెక్టర్‌లో పెడితే వైశాల్యం నాలుగింతలు, క్యాండెలా (ఒక దిక్కుకి పోయే వెలుగు తీవ్రత) కూడా దాదాపు నాలుగింతలు, దూరం రెండింతలు. టార్చిలకి వాడే ఎఫ్‌ఎల్1 ప్రమాణం ప్రకారం దూరం అంటే వెలుగు 0.25 లక్స్‌కి (లక్స్ అంటే ఒక చోట పడే వెలుగు కొలత) పడిపోయే చోటు. క్యాండెలా వర్గమూలాన్ని రెండుతో గుణిస్తే మీటర్లు వస్తాయి. 10,000 క్యాండెలాకి 200 మీటర్లు, 40,000కి 400. ఆ 0.25 లక్స్ పున్నమి వెన్నెల పాటి వెలుగు. మామిడి చెట్టు నీడలో నల్లగా నిలబడింది ఏనుగో, బండరాయో చెప్పడానికి అది చాలదు. పెట్టె మీద రాసిన దూరంలో సగమే మనదని అనుకోవాలి.

ఇప్పుడు మీ మార్పు సంగతి. సీఆర్‌ఐ పెరగాలంటే ఫాస్ఫర్ (చిప్పు మీది పసుపు పూత) ముదురు ఎరుపులో కూడా వెలుగు ఇవ్వాలి. ఆ ఎరుపును మన కన్ను తక్కువగా పట్టుకుంటుంది, కాబట్టి అదే కరెంటుకి ల్యూమెన్లు తగ్గుతాయి. పైగా ఎస్‌ఎస్‌టీ-40 ది 5050 సైజు (5 మి.మీ. చదరం), 519ఏ ది 3535 (3.5 మి.మీ. చదరం). మొదటిదానికి ఇచ్చినంత కరెంటు రెండోదానికి ఇవ్వకూడదు. అంటే నడుమ పడే గట్టి వెలుగు రెండు వైపుల నుంచీ తగ్గుతుంది.

సరే, దగ్గర చూపు కోసమే కదా అంటారు. అదీ చూద్దాం. లోతైన నున్న రిఫ్లెక్టర్‌లో కాళ్ల దగ్గర పడేది ఎల్‌ఈడీ నుంచి నేరుగా వచ్చే పక్క వెలుగు. రంగు బాగానే ఉంటుంది. కానీ దాని మధ్యలో కళ్లు చెదిరే చుక్క ఒకటి ఉంటుంది. కన్ను ఆ చుక్కకి అలవాటు పడి పక్కనున్న నేల ఇంకా చీకటిగా కనిపిస్తుంది. పాము ఉండేది ఆ చీకట్లోనే. నా మాట ఒకటే: సీ8ని దూరానికి వదిలేయండి, వీలైతే అందులో డోమ్ (ఎల్‌ఈడీ మీది ఉబ్బెత్తు సిలికాన్ మూత) లేని ఎస్‌ఎఫ్‌టీ-40 ఎల్‌ఈడీ వేయండి, అదే 5050 సైజు, ఇంకా దూరం కొడుతుంది. 519ఏని ఎస్‌2 ప్లస్ లాంటి చిన్న ట్యూబు టార్చిలో, ఆరెంజ్ పీల్ రిఫ్లెక్టర్‌తో (నారింజ తొక్కలా గరుకుగా ఉండేది) గానీ, వెలుగును వెడల్పుగా పరిచే టీఐఆర్ లెన్స్‌తో (రిఫ్లెక్టర్ బదులు పెట్టే ప్లాస్టిక్ లెన్స్) గానీ పెట్టుకోండి.

కుప్పం నైట్ డ్యూటీ:

బెంచి సార్, మీ లెక్క తప్పని అనడం లేదు. కానీ ఆ లెక్క బెంచి మీద కూర్చుని వేసింది. కాపలాకి పోయేవాడి ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో టార్చి, జేబులో ఫోన్. రెండో టార్చి ఎక్కడ పట్టుకోవాలి? అవసరం వచ్చిన క్షణంలో ఏ టార్చి ఏ జేబులో ఉందో వెతుక్కునే టైం ఉండదు.

ఇంకో సంగతి. మా పక్క పాత మామిడి తోటల్లో చెట్టుకీ చెట్టుకీ 10 మీటర్లు. గుబురు కొమ్మలు నేలకి ఆనుకుని ఉంటాయి. ఎంత గొప్ప టార్చి అయినా ఆరేడు వరసలు దాటితే ఆకుల్ని తప్ప దేన్నీ చూపించదు. 400 మీటర్ల టార్చి చెరువు కట్ట మీద బాగుంటుంది, తోటలో దాని పని 60, 70 మీటర్లతో ఆగిపోతుంది. ఆ దూరానికి 40 మి.మీ. రిఫ్లెక్టర్‌లో 519ఏ ధారాళంగా సరిపోతుంది. కొమ్మల మధ్య ఏనుగు పక్క భాగం ఒక మరకలా కనిపిస్తుంది చూడండి, ఆ మరక ఆకుపచ్చ కాదు అని కనిపెట్టడానికి రంగు కావాలి. నీలం ఛాయ తెల్ల వెలుగులో అదీ ఆకులూ కలిసిపోతాయి.

కాబట్టి కౌండిన్య అన్నా, ఎల్‌ఈడీ మార్చండి. రిఫ్లెక్టర్ మాత్రం అదే సైజులో ఆరెంజ్ పీల్‌ది దొరికితే వేయండి. నడిమి చుక్క అంచులు మెత్తబడతాయి, బెంచి సార్ చెప్పిన కళ్లు చెదరడం తగ్గుతుంది. దూరంలో కొంత పోతుంది, పోనివ్వండి.

చంద్రగిరి సోల్డర్:

ఇద్దరూ డోమ్ సంగతి వదిలేశారు. 519ఏ మీద ఉండే సిలికాన్ డోమ్ తీసేస్తే అదే రిఫ్లెక్టర్‌లో దూరం బాగా పెరుగుతుంది. డోమ్ భూతద్దం లాగా చిప్పును పెద్దది చేసి చూపిస్తుంది. అది పోతే రిఫ్లెక్టర్‌కి కనిపించే చిప్పు చిన్నదవుతుంది, చుక్క సన్నబడి గట్టిపడుతుంది. మొత్తం ల్యూమెన్లు తగ్గినా క్యాండెలా పెరుగుతుంది.

నేను చేసే పద్ధతి చెబుతాను. ఎల్‌ఈడీని ముందు రాగి బోర్డు మీద సోల్డర్ చేసి పూర్తిగా చల్లారనిస్తాను. కొత్త బ్లేడును చిప్పు అంచుకి సమాంతరంగా పెట్టి, డోమ్ అడుగున పలుచటి పొర మిగిలేలా ఒకే లాగుడులో కోస్తాను. బ్లేడు కిందికి వాలితే పసుపు పొరకి, అంటే ఫాస్ఫర్‌కి, గీత పడుతుంది. అక్కడితో ఆ ఎల్‌ఈడీ పని అయిపోయినట్టే. కోసిన తరువాత వెలిగిస్తే రంగు ముందుకన్నా వెచ్చగా, కొంచెం గులాబీ వైపు మారి ఉంటుంది. అందుకే డోమ్ తీసే ఉద్దేశం ఉన్నవాళ్లు 4500 కాకుండా 5700 కెల్విన్ కొనాలి. కౌండిన్య అన్న దగ్గరున్న 4500కి డోమ్ తీస్తే రంగు పాత బల్బు పసుపు వైపు పోతుంది.

తిరుచానూరు బెంచి:

డోమ్ విషయంలో సోల్డర్ అన్నతో ఏకీభవిస్తాను. కానీ అది ఎల్‌ఈడీని మరింత దూరం వైపు నెడుతుంది. పాము కనపడాలి అన్న మొదటి ప్రశ్నకి అది జవాబు కాదు.

కుప్పం అన్నా, తోటలో 70 మీటర్లు చాలన్నది మంచి మాట, ఆ మేరకు నా వాదన బలం తగ్గిందని ఒప్పుకుంటాను. కానీ కౌండిన్య అన్నకి ఉన్నది తోట ఒక్కటే కాదు, కింద టమాటా మడి కూడా ఉంది. అక్కడ అడ్డం లేదు. గుంపు అడవి అంచు దాటకముందే కనపడితే అటవీ శాఖ వాళ్లకి ఫోన్ చేయడానికి టైం దొరుకుతుంది. ఏనుగుల విషయంలో ఎంత ముందు తెలిస్తే అంత మేలు.

రామకుప్పం రైతు:

చలికాలం మంచులో మాత్రం వెచ్చని రంగే మంచిదని అందరూ అంటారు. 519ఏకి అది కూడా ఒక లాభం కదా?

తిరుచానూరు బెంచి:

మంచు బిందువులు వెలుగు తరంగాల కంటే చాలా పెద్దవి. అన్ని రంగుల్నీ దాదాపు సమానంగానే చెదరగొడతాయి. మంచులో కళ్లకి తెల్లగా అడ్డం వచ్చేది మన టార్చి పక్క వెలుగే. పక్క వెలుగు తక్కువుండే లోతైన రిఫ్లెక్టర్ వాడి, టార్చిని కంటి దగ్గర కాకుండా నడుము దగ్గర పట్టుకుంటే ఎక్కువ తేడా తెలుస్తుంది. వెచ్చని రంగు కంటికి హాయిగా ఉండొచ్చు, అది వేరే విషయం.

అలిపిరి నడక:

నేను టార్చిలు మార్చేవాణ్ణి కాదు, కానీ ఒక మాట. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడిలో ఆరేళ్ల పాప చనిపోయాక తిరుపతిలో చాలామంది పెద్ద పెద్ద టార్చిలు కొన్నారు. కొందరు వాటితో శేషాచలం వైపు అడవిలోకి వెలుగు కొట్టి చూస్తున్నారు. ఎర్రచందనం టాస్క్‌ఫోర్స్ తిరిగే అడవి అది. రాత్రిపూట లోపలికి వెలుగు కొడితే మనల్నే అనుమానిస్తారు. జంతువుల కళ్లలోకి కొట్టి వాటిని బెదరగొట్టడం కూడా మంచిది కాదు. పొలంలో ఉన్నవాళ్లకి అవసరం ఉంది, సరదాకి మాత్రం చేయకండి.

కౌండిన్య కాపలా (పలమనేరు):

అందరికీ ధన్యవాదాలు. నేను ఇంకా కుప్పం అన్న వైపే ఉన్నాను. ఒక చేతిలో ఒకే టార్చి అన్నది నా రోజువారీ అవసరం. టమాటా మడి గురించి బెంచి సార్ చెప్పింది కూడా నిజమే. ముందు సీ8లో 519ఏ డోమ్‌తోనే వేసి, నున్నది ఒకసారి, ఆరెంజ్ పీల్ ఒకసారి పెట్టి కొలిచి చూస్తాను. ఎలా కొలవాలి? బోర్డు మార్చేటప్పుడు ఏం చూసుకోవాలి?

చంద్రగిరి సోల్డర్:

ఎల్‌ఈడీని అతికించే 3535 బోర్డు విడిగా కొనాలి, పాతది పనికిరాదు. రాగిదే తీసుకోండి, ఎల్‌ఈడీ అడుగు ప్యాడ్ నేరుగా రాగికి ఆనేది. మే నెల మన ఎండలకి టార్చి ఒళ్లే వేడెక్కి ఉంటుంది, అల్యూమినియం బోర్డుతో వేడి త్వరగా దిగదు. డ్రైవర్ (ఎల్‌ఈడీకి కరెంటు పంపే సర్క్యూట్) ఇచ్చే కరెంటును 519ఏ డేటాషీట్, అంటే కంపెనీ ఇచ్చే వివరాల పత్రం, చూసి తగ్గించుకోండి. ఎల్‌ఈడీ చుట్టూ పెట్టే తెల్ల ప్లాస్టిక్ గాస్కెట్ కూడా 3535 కొలతదే ఉండాలి. 5050 ది పెడితే ఎల్‌ఈడీ నడిమికి కూర్చోదు. రిఫ్లెక్టర్ అల్యూమినియం కాబట్టి దాని అడుగు సోల్డర్ బొట్లకి తగిలితే షార్ట్ అవుతుంది. వైర్ల టంకం వీలైనంత చదునుగా ఉంచి, పైన క్యాప్టన్ టేపు (వేడికి తట్టుకునే, కరెంటు పారనివ్వని టేపు) వేయండి.

బిగించేటప్పుడు తెల్ల గోడకి రెండు మూడు మీటర్ల దూరంలో నిలబడి, తల మరను నిదానంగా తిప్పండి. నడుమ నల్ల మచ్చ కనిపిస్తే ఎల్‌ఈడీ సరైన ఎత్తులో లేదని అర్థం. గాస్కెట్ మందం మార్చి, మచ్చ పోయి చుక్క బిగిసే చోట ఆపండి. గోడ మీద అందంగా కనిపించిందని వదిలేయకుండా తోటలో కూడా చూడండి, ఒక్కోసారి కొంచెం మార్చాల్సి వస్తుంది.

తిరుచానూరు బెంచి:

కొలవడానికి లక్స్ మీటర్ ఎవరి దగ్గరైనా అడిగి తీసుకోండి, ఫోన్ యాప్ అంకెలు నమ్మలేం. చీకటి గదిలో సరిగ్గా 5 మీటర్ల దూరంలో చుక్క నడుమ లక్స్ చూసి 25తో గుణించండి. 400 లక్స్ వస్తే 10,000 క్యాండెలా. సెల్లు ప్రతిసారీ నిండుగా 4.2 వోల్టులకి చార్జ్ చేయండి, వెలిగించిన 30 సెకన్లకి కొలవండి, లేకపోతే రెండు రిఫ్లెక్టర్లనూ పోల్చలేరు. ఎస్‌ఎస్‌టీ-40 తీసేసే ముందే దాని అంకె కూడా రాసి పెట్టుకోండి. నున్నదానికీ ఆరెంజ్ పీల్‌కీ వచ్చినవి ఇక్కడ పెడితే, టమాటా మడి చివరి దాకా ఏది సరిపోతుందో మీ మడి పొడవు చూసి చెబుతాను.